శాస్త్రీయ నామాలను విడగొట్టి పలకడం ఎలా? సెమినార్ దగ్గర పడింది, సాయం కావాలి

మొలక
అందరికీ నమస్కారం. నేను బీఎస్సీ రెండో సంవత్సరం, జువాలజీ. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. వచ్చే వారం క్లాసులో దోమల వల్ల వచ్చే జబ్బుల మీద సెమినార్ చెప్పాలి. విషయం వచ్చు. మలేరియా పరాన్నజీవి జీవితచక్రం పుస్తకం చూడకుండా బోర్డు మీద గీసేస్తాను. టెన్షనంతా పేర్లు పలకడం దగ్గరే.

నా స్లైడ్లలో ఉన్నవి ఇవి: దోమల్లో ఏడిస్ ఈజిప్టై, అనాఫిలిస్ క్యులిసిఫేసిస్, క్యూలెక్స్ క్వింక్విఫాసియాటస్, పరాన్నజీవుల్లో ప్లాస్మోడియం ఫాల్సిపారం, ఉకరేరియా బాంక్రాఫ్టై. ఒక పుస్తకంలో ఒకలా, వీడియోల్లో ఇంకోలా, సీనియర్ల నోట మరోలా వినిపిస్తున్నాయి. ఈ ఐదింటినీ బట్టీ పట్టడం నాకు ఇష్టం లేదు. రేపు కొత్త పేరు ఎదురైనా నా అంతట నేను విడగొట్టుకుని చదివే పద్ధతి ఏదైనా ఉంటే చెప్పండి.

ల్యాబ్‌కోటు
చెల్లీ, ఇంత ఆలోచన అక్కర్లేదు. ఆన్‌లైన్ నిఘంటువులో స్పీకర్ బొమ్మ నొక్కి విను, అలాగే చెప్పెయ్. జంతువుల పేర్లకూ మొక్కల పేర్లకూ అంతర్జాతీయ నియమావళులు ఉన్నాయి. పేరు ఎలా పెట్టాలి, ఎలా రాయాలి, ఒకే జీవికి రెండు పేర్లుంటే ఏది నిలవాలి, ఇవన్నీ వాటిలో ఉంటాయి. ఎలా పలకాలన్న శాసనం మాత్రం లేదు. మన దేశంలో కాలేజీల్లో నడిచేది ఇంగ్లిష్ పద్ధతి. వైవాకు వచ్చే ఎగ్జామినర్‌కు అర్థమైతే చాలు.

పుప్పొడి
మొలకా, మంచి ప్రశ్న అడిగావమ్మా. డిగ్రీ పిల్లలకు బోటనీ చెప్పి రిటైరైన వాణ్ని. పేరు కనబడగానే కంగారుపడి సగం మింగేసే పిల్లలను ఏటా చూశాను. పేరు మొత్తాన్ని ఒకే ముద్దలా చూడటం వల్ల వచ్చే కంగారు అది.

ప్రతి పేరునూ రెండుసార్లు కొయ్యాలి. మొదటి కోత అర్థం కోసం, రెండోది నోటి కోసం. ఈ రెండూ చాలాసార్లు ఒకే చోట పడవు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

ఎర్రచందనం తీసుకో, టెరోకార్పస్ సాంటలైనస్. అర్థానికి కోస్తే ప్టెరో, కార్పస్. గ్రీకులో ప్టెరాన్ అంటే రెక్క, కార్పోస్ అంటే కాయ. శేషాచలం అడవిలో రాలిన ఎర్రచందనం కాయ ఒకటి చేతిలోకి తీసుకుని చూడు. నడుమ గింజ ఉన్నచోట గట్టిగా ఉబ్బి ఉంటుంది, దాని చుట్టూ గుండ్రంగా పల్చటి రెక్క. గాలికి కొట్టుకుపోవడానికి ఏర్పడిన కాయ. పేరులో ఉన్నదీ అదే, రెక్కకాయ. నోటికి కోస్తే ప్టె-రొ-కార్-పుస్. ఇక్కడ రెండు కోతలూ కలిశాయి. మొదటి పకారాన్ని ఇంగ్లిష్ వాళ్లు వదిలేస్తారు, గ్రీకులు పలికేవారు. సంయుక్తాక్షరాలు అలవాటున్న మన నోటికి అదేమీ కష్టం కాదు.

ఇప్పుడు అదే రెక్క మాట వెనక వచ్చిన పేరు చూడు. పెంకుపురుగుల క్రమం కోలియాప్టెరా. అర్థానికి కోలియో, ప్టెరా. కోలియో అంటే ఒర, ఒరలాంటి రెక్కలున్నవి అని. నోటికి మాత్రం కో-లె-ఆప్-టె-ర. పకారం తన మాటను వదిలి ముందు అక్షరంలోకి పోయింది. మనం రోజూ అనే హెలికాప్టర్‌లోనూ ఇదే జరిగింది. హెలికో, ప్టెరాన్ అన్న రెండు ముక్కలు అందులో ఉన్నాయని పలికేటప్పుడు ఎవరికీ తట్టదు.

అర్థానికి కోస్తే పేరు గుర్తుంటుంది. నోటికి కోస్తే తప్పుపోకుండా పలుకుతావు. రెండూ చెయ్యి.

ఇక ఒక్కొక్కరు ఒక్కోలా ఎందుకు పలుకుతారంటే, స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1753లో మొక్కలకూ 1758లో జంతువులకూ రెండు మాటల పేర్లు స్థిరపరిచేనాటికే లాటిన్ ఎవరి ఇంట్లోనూ మాట్లాడే భాష కాదు. పండితులు చదివేవారు, రాసేవారు. ప్రతి దేశం వాళ్లూ తమ భాష యాసలో దాన్ని చదివారు. ఇంగ్లిష్ వాళ్ల లాటిన్ వేరు, ఇటలీ చర్చిల్లో వినబడే లాటిన్ వేరు. రోమన్లు నిజంగా ఎలా పలికారో భాషా శాస్త్రవేత్తలు పునర్నిర్మించిన పద్ధతి ఇంకొకటి. ఈ మూడింట్లో ఏది పట్టుకున్నా తప్పు లేదు. ఒకే పేరులో మూడూ కలిపితేనే వినేవాడికి అయోమయం.

గణయతి
పుప్పొడి గారి రెండు కోతలు తెలుగువాళ్లకు కొత్త కాదు. పద్యానికి ప్రతిపదార్థం రాసేటప్పుడు పదం పదం విడదీస్తాం. గణవిభజన చేసేటప్పుడు పదం నడిమధ్యన తెగినా ఆగం. ఒకటి అర్థం లెక్క, రెండోది నడక లెక్క.

నేను సైన్సు చదవలేదు, బడిలో తెలుగు చెబుతాను. కానీ లాటిన్ ఊనిక సూత్రం, అంటే పలికేటప్పుడు ఏ అక్షరం మీద బరువు వెయ్యాలన్న లెక్క, చదివినప్పుడు ఇది మన గురులఘువుల లెక్కే కదా అనిపించింది. మొలక గారూ, పదో తరగతిలో ఛందస్సు చదివే ఉంటారు. అదంతా ఇక్కడ పనికొస్తుంది.

ముందు అక్షరాలు లెక్కపెట్టండి. పలికే అచ్చులు ఎన్నో అక్షరాలూ అన్నే. చివరి పొల్లు హల్లు ముందు అక్షరంలో కలిసిపోతుంది, కాబట్టి సిస్ అన్నది ఒక్క అక్షరమే. తర్వాత చివరి నుంచి రెండో అక్షరాన్ని చూడండి. అది గురువైతే పలుకులో ఊనిక దాని మీద. లఘువైతే ఊనిక ఒక అడుగు వెనక్కి జరిగి చివరి నుంచి మూడో అక్షరం మీద పడుతుంది. అంతకంటే వెనక్కి ఎప్పుడూ పోదు. మాటలో ఉన్నవే రెండు అక్షరాలైతే మొదటి దాని మీద.

ఏది గురువు? దీర్ఘం ఉన్నది, ఐ, ఔ లాంటి జంట అచ్చు ఉన్నది, తర్వాత రెండు హల్లులు కలిసి వచ్చినది. మన లెక్కే. హల్లు పక్కన ర, ల వస్తే ఆ జంట ముందున్న అక్షరం లఘువుగానే ఉండిపోవచ్చు. మనకూ తేల్చి పలికే రవత్తు ముందు అక్షరం లఘువుగా నిలవడం ఉంది కదా.

మర్రిచెట్టు, ఫైకస్ బెంగాలెన్సిస్. బెన్-గ-లెన్-సిస్. చివరి నుంచి రెండోది లెన్. నకారం, సకారం కలిశాయి, గురువు. ఊనిక అక్కడే. మామిడి, మాంజిఫెరా ఇండికా. మాన్-జి-ఫె-ర. చివరి నుంచి రెండోది ఫె, లఘువు. ఊనిక వెనక్కి జరిగి జి మీద పడుతుంది. మనం మాంజి దగ్గర ఆగి ఫెరాను దీర్ఘం తీస్తాం, అక్కడే నడక చెడుతుంది. ఇండికాలో డి లఘువు, కాబట్టి బరువు ఇన్ మీద. చివరి క నిజానికి హ్రస్వమే. దాన్ని సాగదీయడం మన అలవాటు.

మొలక
గణయతి సార్, ఇది అద్భుతంగా ఉంది! గురులఘువులు పరీక్ష కోసం నేర్చుకుని వదిలేశాను. కానీ ఒక సందేహం. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన పేరులో ఏది దీర్ఘమో ఏది హ్రస్వమో కనబడదు కదా. సటైవాలో ఐ మాత్ర ఉన్న అక్షరానికి, ఇండికాలో ఇకారానికి ఒకే అక్షరం రాస్తారు. ఎలా తెలుస్తుంది?

పుప్పొడి
సరిగ్గా పట్టుకున్నావు. పేరు మొహం చూసి అన్నిసార్లూ చెప్పలేం. అయితే పేర్ల తోకలు కొన్నే ఉంటాయి, మళ్లీ మళ్లీ అవే వస్తాయి. తోక గుర్తుపడితే ఊనిక తెలిసిపోతుంది.

ఆటా, ఓసా, ఆలిస్, ఏరియా, ఈవా తోకల్లో ఆ మొదటి అచ్చు దీర్ఘం. తంగేడు సెన్నా ఆరిక్యులాటాలో లా మీద ఊనిక. రావి ఫైకస్ రెలిజియోసాలో ఓ మీద. జమ్మి ప్రోసోపిస్ సినరేరియాలో రే మీద. వరి ఒరైజా సటైవాలో టై మీద, ఎందుకంటే లాటిన్‌లో అక్కడ ఉన్నది దీర్ఘ ఈ. ఎన్సిస్ తోక ఎప్పుడూ గురువే. ఇకా, యులా, ఫెరా, జెరా తోకల్లో మొదటి అచ్చు హ్రస్వం, కాబట్టి బరువు వెనక్కి జరుగుతుంది. కొబ్బరి కోకోస్ న్యూసిఫెరాలో సి మీద. మునగ మొరింగా ఒలెయిఫెరాలో ఇ మీద. ఆ ఒలెయిఫెరాలో ఐదు అక్షరాలున్నాయి, ఒ-లె-ఇ-ఫె-ర. ఎక్కువమంది నాలుగే పలుకుతారు.

అచ్చు పక్కన అచ్చు వస్తే భయపడి కలిపేస్తాం. మిరప పేరు క్యాప్సికమ్ ఆన్యుఅమ్. చివర యు అక్షరం రెండుసార్లు రాస్తారు. ఆన్-ను-ఉమ్, మూడు అక్షరాలు. రెంటినీ ఒకటి చేసి చదివితే మాట చచ్చిపోతుంది.

పొలంబడి
ఫెరా, జెరా తోకల మాట వచ్చింది కాబట్టి నా వైపు నుంచి రెండు. వ్యవసాయ శాఖలో పొలాల వెంట తిరిగే ఉద్యోగం నాది. శనగ పచ్చపురుగు పేరు హెలికోవెర్పా ఆర్మిజెరా. జెరా అంటే మోసేది, ఆర్మి అంటే ఆయుధాలు. ఫెరా కూడా మోసేదే. ఆర్-మి-జె-ర, ఊనిక మి మీద. ఈ ఒక్క తోక తెలిస్తే కొబ్బరి, మామిడి, మునగ, పచ్చపురుగు నాలుగూ వచ్చేస్తాయి.

రెండోది కత్తెర పురుగు. 2018లో కర్ణాటకలో కనబడి అక్కణ్నుంచి మన మొక్కజొన్న చేలకు పాకింది. స్పోడాప్టెరా ఫ్రుజిపెర్డా. పుప్పొడి గారు చెప్పిన రెక్క మళ్లీ ఇక్కడ. స్పోడోస్ బూడిద, ప్టెరా రెక్కలు. అర్థానికి స్పోడో, ప్టెరా. నోటికి స్పో-డాప్-టె-ర. ఫ్రుజి అంటే పంట, పెర్డా అంటే నాశనం చేసేది. పెర్ తర్వాత డ ఉంది, గురువు, ఊనిక అక్కడే. రైతుల దగ్గర ఈ పేరు అనను, అవసరం లేదు. కానీ పొగాకు లద్దెపురుగు కూడా స్పోడాప్టెరానే, అది లిటూరా. రెండింటికీ తేడా చెప్పేది రెండో మాట. ట్రైనింగులో సగం మంది మొదటి మాట చెప్పి ఆగిపోతారు.

రైన్ ఒడ్డు
జర్మనీలో పీహెచ్‌డీ చేస్తున్నాను, శనగ మీదే. మా ల్యాబ్‌లో జర్మన్లు ఎక్కువ, ఒక ఇటలీ అమ్మాయి, ఒక బ్రెజిల్ అబ్బాయి, నేను. శనగ పేరు ఇంగ్లిష్‌లో సి, ఐ, సి, ఈ, ఆర్ అని రాస్తారు. నేను సైసర్ అంటాను. జర్మన్లు ట్సీట్సెర్ అంటారు. ఇటలీ అమ్మాయి చీచెర్ అంటుంది. రోమన్ల కాలంలో అది కికెర్. ల్యాబ్‌లో మూడు రకాలూ వింటూ పని చేస్తున్నాం, ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

ఇబ్బంది వచ్చేది రెండో మాట దగ్గర. అరియెటైనమ్. అ-రి-ఎ-టై-నమ్, ఐదు అక్షరాలు. మన దగ్గర నుంచి వచ్చినవాళ్లు ఏరిటినమ్ అని నాలుగు చేస్తారు, ఇక్కడ ఎవరికీ అందదు. అర్థం తెలిస్తే ఆ ఎకారం పోదు. ఏరియెస్ అంటే పొట్టేలు, అందులోంచి వచ్చింది అరియెట్. ఒక నాటు శనగగింజను ముక్కు ముందుకు పెట్టి పక్క నుంచి చూడండి. ముక్కు కిందికి వంగి ఉంటుంది, రెండు వైపులా పొట్టేలు కొమ్ముల్లా చుట్టుకున్న ఉబ్బులు కనిపిస్తాయి.

ఇంకో మాట. మన పుస్తకాల్లో లాటిన్ పేర్లన్నీ టకారంతో రాస్తారు. సటైవా, ఆరిక్యులాటా. అది ఇంగ్లిష్ వాళ్ల నోటి నుంచి వచ్చింది. ఇటలీ అమ్మాయి సతీవ అంటుంది, స్పష్టమైన తకారం. మన లిపిలో త ఉండగా ట ఎందుకు?

ల్యాబ్‌కోటు
సతీవ అంటే వైవాలో ఎగ్జామినర్ తలెత్తి చూస్తాడు. మార్కులు వేసేది ఆయన, ఇటలీ అమ్మాయి కాదు.

పుప్పొడి
ఇద్దరి మాటా నిజమే. తకారం లాటిన్‌కు దగ్గర, టకారం మన క్లాసుకు దగ్గర. మొలక ఇప్పుడు నిలబడబోయేది మన క్లాసులో. ఇప్పటికి టకారంతోనే చెప్పనివ్వండి. ఊనిక, అక్షరాల సంఖ్య సరిగా ఉంటే త, ట తేడా ఎవరినీ తికమక పెట్టదు.

విశాఖ పాములనేస్తం
నాకు ఈ చర్చలో ఒక పేరు తప్పకుండా పెట్టాలనిపించింది. కట్లపాము, బంగారస్ సెరూలియస్. ఆ బంగారస్ మన బంగారమే!

పాట్రిక్ రస్సెల్ అని ఈస్టిండియా కంపెనీ తరఫున విశాఖపట్నంలో ఉన్న వైద్యుడు, ప్రకృతి పరిశోధకుడు. కోరమండల్ తీరం పాముల మీద 1796లో బొమ్మలతో పెద్ద పుస్తకం అచ్చు వేయించాడు. స్థానికులు చెప్పిన పేర్లనే బొమ్మల కింద రాసుకున్నాడు. పసుపు, నలుపు పట్టీలున్న పాము దగ్గర బంగారు పాము అని ఉంది. తర్వాత 1803లో ఫ్రాన్స్‌కు చెందిన డోడెన్ ఆ మాటకు లాటిన్ తోక తగిలించి ప్రజాతి పేరు, అంటే జంట పేరులో మొదటి మాట, చేశాడు. బంగారు పాము బంగారస్ ఫాసియేటస్, కట్లపాము బంగారస్ సెరూలియస్.

ఇప్పుడు పలకడం. ఇంగ్లిష్ వాళ్లు మొదటి అక్షరం మీద బరువు వేసి గా దీర్ఘాన్ని మింగేస్తారు. మూలం మనది కాబట్టి మనకు తెలుసు, గా దీర్ఘం. గణయతి గారి లెక్కలో చివరి నుంచి రెండోది గురువు, ఊనిక గా మీదే పడాలి. బన్-గా-రస్. మొదటి అక్షరంలో యు చూసి బుంగారస్ అనేవాళ్లూ ఉన్నారు. ఆ రోజుల్లో ఇంగ్లిష్ వాళ్లు మన అకారాన్ని యుతో రాసేవారు, అంతే.

సెరూలియస్ నాలుగు అక్షరాలు, సె-రూ-లె-అస్. లె పక్కనే అచ్చు ఉంది, కాబట్టి హ్రస్వం, బరువు రూ మీద. నీలం రంగు అని అర్థం. టార్చి వెలుగులో చూస్తే నల్లటి ఒంటి మీద ఆ నీలి మెరుపు తెలుస్తుంది. వెన్ను పొడవునా నడిమి వరసలో ఆరు మూలల పెద్ద పొలుసులు, ఒంటికి అడ్డంగా సన్నటి తెల్ల గీతలు. రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కాటేసే పాము. స్కూళ్లలో అవగాహన కార్యక్రమాలకు వెళ్లినప్పుడు ఈ పేరు కథ చెబితే పిల్లలు ఇక మర్చిపోరు.

రస్సెల్ పేరుతోనే రక్తపింజర ఉంది, దబోయా రస్సెలీ. చివర ఐ అక్షరం రెండుసార్లు ఉంటుంది. రెండూ పలకాలి, రస్-సె-లి-ఇ. ఆయన ఇంటిపేరులో ఎల్ రెండుసార్లు ఉంటుంది, పాము పేరులో ఒకటే. 1797లో పేరు పెట్టినప్పుడు అలా అచ్చయింది, అదే నిలిచింది.

గణయతి
మనసు నిండిపోయింది పాములనేస్తం గారూ. మనుషుల పేర్ల మీద పెట్టినప్పుడు ఊనిక ఎక్కడ ఉండాలి? లాటిన్ లెక్కలో రస్సెలీకి సె మీద పడుతుంది. ఆ పెద్దమనిషి పేరును ఆయన దేశంలో పలికేది మొదటి అక్షరం మీద బరువుతో.

పుప్పొడి
ఇక్కడ రెండు వర్గాలున్నాయి. లాటిన్ తొడుగు వేశాక లాటిన్ సూత్రమే అనేవారు కొందరు. మనిషి పేరు మనిషి పేరులాగే వినబడాలి, తోక మాత్రం తర్వాత చేర్చాలి అనేవారు కొందరు. నాది రెండో పక్షం. ఎవరి గుర్తుగా పేరు పెట్టారో ఆయన పేరు గుర్తుపట్టలేనట్టు పలికితే ఇక పెట్టి ఏం లాభం?

మన మాటల సంగతి వచ్చింది కాబట్టి మొక్కల నుంచి రెండు చెప్పాలి. వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి 1793లో కలకత్తా వెళ్లేదాకా సామర్లకోటలో ఉన్నాడు. ఆయన కూడా తెలుగు పేర్లు శ్రద్ధగా రాసుకున్న మనిషి. సోమి చెట్టు ఉందే, దాని ప్రజాతి పేరు సోయ్‌మిడా. తెలుగు పేరు నుంచే తీసుకున్నారు. రెండో మాట ఫెబ్రిఫ్యూగా. ఫెబ్రిస్ జ్వరం, ఫ్యూగా తరిమేది. దాని బెరడు జ్వరాలకు వాడేవారు. ఫె-బ్రి-ఫ్యు-గ. ఫ్యు హ్రస్వం, ఊనిక బ్రి మీద. జ్వరం, తరిమేది అని రెండు మాటలు విడివిడిగా చదివితే ఈ బ్రి ఎప్పటికీ దొరకదు, కలిపి చదవాలి. ఇంకొకటి చండ్ర. పాత పుస్తకాల్లో అకేసియా చుండ్రా. ఇక్కడా యు అకారమే. చుండ్రు అని చదివే పిల్లలకు అది చండ్రచెట్టు అని ఒక్కసారి చెబితే చాలు.

లంకమల దారి
కడప నుంచి. మా కలివికోడి లేకుండా ఈ చర్చ ముగియకూడదు. రైనాప్టిలస్ బైటార్క్వేటస్. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్న పక్షి, 1986లో మా జిల్లాలోనే మళ్లీ దొరికింది. టార్క్వేటస్ అంటే కంటె వేసుకున్నది, బై అంటే రెండు. పక్షి బొమ్మ చూడండి. రొమ్ము మీద అడ్డంగా ఒక గోధుమరంగు పట్టీ, దాని కింద తెలుపు, ఆ కింద మళ్లీ ఒక పట్టీ. రెండు కంటెలు. బై-టార్-క్వే-టస్, నాలుగు అక్షరాలు, ఊనిక క్వే మీద. క్యు పక్కన వచ్చే యు అచ్చుగా లెక్కకు రాదని గుర్తుంచుకోండి, అది హల్లులో భాగం.

మొదటి మాటకు పుప్పొడి గారి రెండు కోతలు పెట్టి చూశాను. అర్థానికి రైనో, ప్టిలస్. ముక్కు, ఈక. నోటికి రై-నాప్-టి-లస్. టి లఘువు, ఊనిక నాప్ మీద. మా బర్డింగ్ గ్రూపులో చాలామంది రైనో టైలస్ అంటారు, ఖడ్గమృగం గుర్తొచ్చి అక్కడ ఆగిపోతారు.

ల్యాబ్‌కోటు
ఇంత దూరం వచ్చాక నా ఉద్యోగంలోంచి ఒకటి చెప్పాలి. పలుకుబడిలో రకాలు ఉండొచ్చు అన్న మాట మీద ఇప్పటికీ ఉన్నాను. ఎశ్చరీషియా కోలై అనండి, కోలీ అనండి, నాకు సమస్య లేదు. కానీ అక్షరాలు మింగడం వేరే సంగతి. మా మైక్రోబయాలజీ ల్యాబ్ నుంచి వార్డుకు రిపోర్టు ఫోన్‌లో చెప్పాల్సిన సందర్భాలుంటాయి. ఎంటెరోబాక్టర్, ఎంటెరోకాకస్. మొదటి సగం ఒకటే. తోక మింగితే అవతల డాక్టరుకు రెండింట్లో ఏదో తెలియదు. ఒకటి గ్రామ్ నెగటివ్ కడ్డీ, ఇంకోటి గ్రామ్ పాజిటివ్ గుండ్రటి బాక్టీరియా. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ రెండో దాని మీద పని చేస్తుంది, మొదటి దాని మీద చెయ్యదు. అందుకే మా ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకు యాస గురించి ఏమీ అనను. ఫోన్ పెట్టేసే ముందు పేరును అక్షరం అక్షరం విడదీసి ఇంకోసారి చెప్పాలి, అవతలివాళ్ల నోట తిరిగి చెప్పించుకోవాలి. ఇది తప్పనిసరి.

మొలకా, నువ్వు అడిగిన పద్ధతి ఇక్కడివాళ్లు నాకంటే బాగా చెప్పారు. వాడు.

మొలక
అందరికీ చాలా చాలా థ్యాంక్స్. నిన్నంతా కూర్చుని నా ఐదు పేర్లూ విడగొట్టాను. చూసి చెప్పండి.

ప్లాస్మోడియం ఫాల్సిపారం: ఫాల్-సి-ప-రమ్. కొడవలి, కనేది అని అర్థం దొరికింది. ఆ పరాన్నజీవి గామెటోసైట్లు (లైంగిక దశ కణాలు) మైక్రోస్కోపు కింద కొడవలి ఆకారంలోనే ఉంటాయి కదా. ప హ్రస్వం, ఊనిక సి మీద. ఫాల్సిపారం అని పా దగ్గర దీర్ఘం తియ్యకూడదు.
క్యూలెక్స్ క్వింక్విఫాసియాటస్: క్విన్-క్వి-ఫా-సి-యా-టస్, ఆరు. ఐదు పట్టీలున్నది. లంకమల దారి గారు చెప్పిన క్యు సూత్రం వాడాను. ఊనిక యా మీద.
ఉకరేరియా బాంక్రాఫ్టై: ఉ-క-రే-రి-యా. ఊనిక రే మీద.
అనాఫిలిస్ క్యులిసిఫేసిస్: ఈ రెండో మాట దగ్గర ఇంకా అనుమానంగా ఉంది.
ఏడిస్ ఈజిప్టై: ఏ-డిస్, ఈ-జిప్-టై.

రైన్ ఒడ్డు
బాంక్రాఫ్టై సరే. ఉకరేరియా అన్నది వూకెరర్ అనే డాక్టరు పేరు. ఆయన పని చేసింది బ్రెజిల్‌లో, ఇంటిపేరు జర్మన్. జర్మన్లు వూఖెరర్ అని ఖకారానికి దగ్గరగా పలుకుతారు. మనకు వూ-కె-రే-రి-యా చాలు. చకారం మాత్రం రానివ్వకండి.

పుప్పొడి
ఏడిస్ దగ్గర ఆగు. ఈ జంట పేరు విడగొట్టడం నేర్పడానికి దీన్ని మించినది నాకు దొరకలేదు. రెండు మాటలూ ఇంగ్లిష్ అక్షరాల్లో ఏ, ఈ తోనే మొదలవుతాయి. ఈజిప్టైలో ఆ రెండూ కలిసి ఒకే అచ్చు. ఏడిస్‌లో అవి కలవవు. గ్రీకులో అ-ఏ-డేస్ అని మూడు అక్షరాలు, అసహ్యమైనది అని అర్థం. అ అంటే కానిది, ఏడేస్‌లో తీపి, హాయి ఉన్నాయి. 1818లో పెట్టిన ఈ పేరుకు ఒకప్పుడు రెండో అచ్చు నెత్తిన రెండు చుక్కలు పెట్టేవారు, విడిగా పలకమని గుర్తు. జంతువుల నియమావళి అలాంటి గుర్తులన్నీ తీసేయమంది. చుక్కలు పోయాయి, పిల్లలకు దారి పోయింది. మొక్కల నియమావళి ఇంకా వాటిని ఒప్పుకుంటుంది. ఐసోయెటీస్ అనే జలమొక్క పేరు పుస్తకాల్లో ఇప్పటికీ చుక్కలతో కనబడుతుంది.

కాబట్టి అ-ఈ-డిస్ అను, ఊనిక ఈ మీద. క్లాసులో ఎవరైనా ఏడిస్ అంటే సరిదిద్దకు, ఆ పలుకూ బాగా పాతుకుపోయింది. ఎవరైనా అడిగితే మాత్రం ఎందుకు విడదీశావో చెప్పు.

గణయతి
క్యులిసిఫేసిస్ చూద్దాం. చివర ఐ, ఈ, ఎస్ ఉంటే సి-ఈస్ అని రెండు అక్షరాలు పలకాలి. క్యు-లి-సి-ఫే-సి-ఈస్, ఆరు. చివరి నుంచి రెండోది సి, పక్కన అచ్చు ఉంది, లఘువు. ఊనిక ఫే మీద. ఫేసిస్ అన్నది మొహం కదా పుప్పొడి గారూ?

పుప్పొడి
మొహమే. క్యులిసి అంటే క్యూలెక్స్. అనాఫిలిస్ అయ్యుండి క్యూలెక్స్‌లా కనబడే దోమ. మన పల్లెల్లో మలేరియా ప్రధానంగా మోసేది ఇదే. అనాఫిలిస్‌కు కూడా నాలుగు అక్షరాలు, అ-నా-ఫి-లిస్. అనాఫిల్స్ అని చివర మింగొద్దు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూసింది ఈ ప్రజాతి దోమలోనే. సెమినార్ అక్కణ్నుంచి మొదలుపెట్టు, మన ఊరి సంగతి అంటే క్లాసు వింటుంది.

పొలంబడి
స్లైడ్ల గురించి ఒక మాట మొలక గారూ. పేర్లు ఇటాలిక్స్‌లో పెట్టండి, మొదటి మాట పెద్ద అక్షరంతో, రెండోది చిన్న అక్షరంతో. మొదటిసారి పూర్తి పేరు రాసి తర్వాత పొట్టిగా రాసేటప్పుడు ఏ పక్కన చుక్క పెడితే సరిపోదు. మీ దగ్గర అనాఫిలిస్, ఏడిస్ రెండూ ఏ అక్షరంతోనే ఉన్నాయి. దోమల మీద పని చేసేవాళ్లు ఒకదానికి ఏ, ఈ అని, రెండోదానికి ఏ, ఎన్ అని రెండేసి అక్షరాలు రాస్తారు. మీరూ అలాగే రాయండి. నోటితో మాత్రం ఎప్పుడూ పూర్తి పేరే చెప్పండి. ఏ ఈజిప్టై అంటే వెనక బెంచీలో ఉన్నవాళ్లకు ఏది అన్న ప్రశ్నలా వినబడుతుంది.

మొలక
మార్చేశాను సార్. క్యూలెక్స్‌కు సి, ఎక్స్ అని పెట్టాలా, సి చాలా?

పొలంబడి
మిగతావాటికి రెండక్షరాలు పెడుతున్నారు కాబట్టి దీనికీ రెండు పెట్టండి. సి, ఎక్స్ అనే రాస్తారు.